కకుని: మెత్తబడటం వేరు, రుచి పట్టడం వేరు

కకుని ముక్క పళ్లెంలోకి వచ్చేసరికి దాని మూలలు నిలబడి ఉండాలి. అదే ముక్క మీద చాప్‌స్టిక్ కొన ఆనిస్తే పైనున్న కొవ్వు నుంచి అడుగున ఉన్న కండ దాకా తడుముకోకుండా దిగిపోవాలి. జపనీస్‌లో ‘కకు’ అంటే మూల, చదరం. ‘ని’ అంటే ద్రవంలో ఉడికించిన వంట. చదరాలుగా కోసి ఉడికించిన పంది మాంసం, అంతే. చిక్కంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది. ముక్క చెదరకూడదంటే ఎక్కువ ఉడకకూడదు, వెన్నలా తెగాలంటే గంటల తరబడి ఉడకాలి.

దీన్ని ఇంట్లో చేయాలని నాలుగు చోట్ల చదివినవాళ్లకి మరో తలనొప్పి ఎదురవుతుంది. ఒకరు ముందు పెనం మీద కాల్చమంటారు, ఇంకొకరు అక్కర్లేదంటారు. ఒకరు బియ్యం కడిగిన నీళ్లలో ఉడికించమంటే, మరొకరు సోయాబీన్ పాలు తీశాక మిగిలే పిప్పి వేయమంటారు. సోయా సాస్ చివర్లోనే పోయాలని ఒకరు, మొదట్నుంచీ పోయొచ్చని ఇంకొకరు. వీళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. కకుని అనేది ఒక గిన్నెలో జరిగే రెండు వేర్వేరు పనులు: మాంసాన్ని మెత్తబరచడం, దానికి రుచి పట్టించడం. ఏ చిట్కా ఏ పనికి సంబంధించిందో విడదీసుకుంటే సగం గందరగోళం పోతుంది.

వంట పుట్టిల్లు చైనా. జపాన్ తలుపులు దాదాపుగా మూసుకుని ఉన్న కాలంలో చైనా, డచ్చి వర్తకులకి తెరిచి ఉన్న రేవు నాగసాకి. చైనా వర్తకులు ఉండటానికి అక్కడ 1689లో ప్రత్యేకంగా ఒక వాడ కట్టారు. ఆ రాకపోకల్లోంచి షిప్పోకు అనే విందు పద్ధతి పుట్టింది. గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని అందరూ ఒకే పళ్లేల్లోంచి పంచుకుని తినడం దాని తీరు. ఆ విందులో ఈ పంది మాంసాన్ని ‘తోబ-ని’ అంటారు. తోబ అంటే ఎవరో కాదు, 11వ శతాబ్దపు చైనా కవి సు దోంగ్‌పో. ఆయన పేరుకి జపనీస్ ఉచ్చారణ అది. చైనా నగరం హాంగ్‌జౌలో ఈనాటికీ ఆయన పేరుతోనే దోంగ్‌పో మాంసం వండుతారు. దక్షిణాన ఒకినావాలో దీని దగ్గరి చుట్టం రాఫుతే. తోలుతో పాటు వండుతారు, సాకే అనే బియ్యపు మద్యానికి బదులు అవమోరి అనే బట్టీ సారా పోస్తారు, పంచదార స్థానంలో చెరకు రసం కాచిన నల్ల చక్కెర వేస్తారు. ఆ నల్ల చక్కెర మన నల్లబెల్లం జాతిదే. రాఫుతే చేయాలనుకున్న తెలుగువాళ్లు దానికోసం దిగుమతి సరుకు వెతుక్కోనక్కర్లేదు.

దోంగ్‌పో మాంసంలో సోయా సాస్, మద్యం మొదట్నుంచీ ఉంటాయి, నీళ్లు తక్కువ. అయినా అది అద్భుతంగా మెత్తబడుతుంది. కాబట్టి ‘సోయా ముందే పోస్తే ముక్క రాయిలా అవుతుంది’ అన్న మాటని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. జపాన్ ఇళ్లలో ఉప్పు తగలకుండా ముందు విడిగా ఉడికించడానికి ఇంకా గట్టి కారణాలున్నాయి. తొలి నీళ్లతో కొవ్వు, వాసన పోతాయి. రెండు మూడు గంటలు తీపి, ఉప్పు ఉన్న ద్రవంలో ఉడికిస్తే అది చిక్కబడి అడుగంటుతుంది, పైగా ఎంత ఉప్పు మిగులుతుందో చెప్పలేం. అందుకే విడదీశారు.

మాంసం ఎంపిక

కావాల్సింది పొట్ట భాగం. కొవ్వు, కండ, మళ్లీ కొవ్వు, మళ్లీ కండ, ఇలా పొరలు పొరలుగా ఉంటుంది. ఒకినావాలో దీన్ని మూడు పొరల మాంసం అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. కొవ్వు, కండ చెరిసగం ఉన్న పలక, కనీసం 4 సెం.మీ. మందం ఉన్నది ఎంచుకోవాలి. కొవ్వు చూసి భయపడి తొడ మాంసం తెచ్చుకుంటే ఎంత జాగ్రత్తగా వండినా పీచుపీచుగానే వస్తుంది.

మన ఊళ్లలో పంది మాంసం దుకాణానికి వెళితే అడక్కుండానే కూర ముక్కలు కొట్టేస్తారు. కత్తి పడకముందే చెప్పాలి: పొట్ట దగ్గర మాంసం, ఎముక తీసేసి, కిలో ఒకే పలకగా. తోలుతోనే ఇస్తారు, ఇవ్వనివ్వండి. జపాన్ ప్రధాన దీవుల్లో ఎక్కువగా తోలు లేనిదే అమ్ముతారు గానీ, తోలు ఉంటే పులుసుకి మంచి జిగురు వస్తుంది. దానికి ఉడుకు సమయం మరో 30, 40 నిమిషాలు పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. తోలు మీద మిగిలిన వెంట్రుకల్ని స్టవ్ మంట మీద కాల్చి కత్తితో గీకి కడగాలి.

వాసన గురించి ఒక నిజం చెప్పాలి. పంది మాంసానికుండే మామూలు నీచు అల్లంతో, ఉల్లికాడలతో అణుగుతుంది. విత్తులు కొట్టని మగ పంది మాంసానికి మూత్రం కంపు లాంటి ఘాటు వాసన ఉండొచ్చు. అది ఏ మసాలాకీ లొంగదు, ఎందుకంటే ఆ వాసన కొవ్వులోనే కరిగి ఉంటుంది. తెచ్చిన పలకలోంచి గోరంత కొవ్వు కోసి వేడి పెనం మీద వేసి వాసన చూడండి. అక్కడే కంపు కొడితే దాన్ని మసాలా దట్టించిన వేపుడుకి వాడుకుని, కకునికి మరో చోట కొనుక్కోవడమే మేలు.

మొదటి పని: ఉప్పు లేకుండా మెత్తబరచడం

కండని గట్టిగా పట్టి ఉంచేది కొలాజెన్ అనే మాంసకృత్తు. నీళ్లలో, సుమారు 70 డిగ్రీలు దాటిన వేడిలో, అది నెమ్మదిగా జెలటిన్‌గా కరుగుతుంది. అయితే అంతకుముందే, 60 డిగ్రీల ప్రాంతం నుంచి, కండ పోగులు ముడుచుకుని తమలోని నీటిని బయటికి పిండేస్తాయి. అందువల్ల మాంసం ముందు గట్టిపడి, తర్వాత మెత్తబడుతుంది. ముప్పావు గంట ఉడికాక పుల్ల గుచ్చి చూస్తే చెప్పు తోలులా తగులుతుంది. చాలామంది ఇక్కడే బెదిరిపోయి సెగ పెంచేస్తారు. అదే పెద్ద పొరపాటు. ఆ దశలో కావాల్సింది మరింత మంట కాదు, మరో గంట.

కిలో పలకని 2 లేదా 3 పెద్ద చెక్కలుగా మాత్రమే కోయండి. మందపాటి అడుగున్న గిన్నెలో పెట్టి, మాంసం మీద మూడు వేళ్ల ఎత్తు నిలిచేలా చల్లటి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి. ఒక పొంగు రాగానే బూడిదరంగు తెట్టె కడుతుంది. ఆ నీళ్లు పారబోసి, మాంసాన్నీ గిన్నెనీ కడిగేయాలి. మళ్లీ అంతే నీళ్లు, 100 మి.లీ. సాకే, చెక్కుతో సహా చక్రాలుగా కోసిన 30 గ్రాముల అల్లం, ఒక కట్ట ఉల్లికాడల ఆకుపచ్చ భాగం వేసి సన్నసెగ మీద పెట్టాలి. ఎంత సన్నసెగ అంటే, గిన్నెలో ఒక మూల నుంచి అప్పుడప్పుడూ ఒక బుడగ బద్దకంగా పైకి రావాలి. తోలు లేని మాంసానికి 2 గంటలు, తోలున్నదానికి రెండున్నర దాటవచ్చు. నీళ్లు తగ్గి మాంసం బయటపడితే వేడినీళ్లు పోసి ముంచాలి.

తెర్ల కాగనిస్తే రెండు నష్టాలు. మొదటిది ముక్కలు ఒకదానికొకటి కొట్టుకుని పొరలు ఊడిపోవడం. రెండోది, కరిగిన కొవ్వు పైకి తేలకుండా చిన్న చిన్న చుక్కలుగా చిలికినట్టయి నీళ్లలో కలిసిపోవడం. తోన్‌కొత్సు రామెన్ అనే జపాన్ నూడుల్స్ వంటకంలో పంది ఎముకల పులుసు పాలలా తెల్లగా ఉండేది సరిగ్గా ఇలా ఉధృతంగా మరిగించడం వల్లే. అక్కడ అది గుణం. ఇక్కడ మాత్రం వదిలించుకోవాల్సిన కొవ్వుని మనమే పులుసులో కలిపేసుకున్నట్టు.

బియ్యం కడిగిన నీళ్ల సంగతి. అందులోని పిండి రేణువులు వాసననీ కొవ్వునీ పట్టుకుంటాయన్నది జపాన్ వంటిళ్ల నమ్మిక. సోయా పిప్పిని వేసేది కూడా అందుకే. మొదటి కడుగులో దుమ్ము ఉంటుంది కాబట్టి రెండో కడుగు వాడాలి. ఒక మెలిక ఉంది: కడుగు నీళ్లలో ఉడికిస్తే ఆ ద్రవాన్ని తర్వాత వాడుకోలేం. మాంసాన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి, రెండో దశకి మంచినీళ్లో, ఎండు బొనిటో చేప తురుముతో కాచిన దాషీనో తీసుకోవాలి. మామూలు నీళ్లలో ఉడికిస్తే ఆ పులుసే రెండో దశకి ఆధారం. మాంసం తాజాదైతే మామూలు నీళ్లే మంచివి. అంత రుచిని కాలవపాలు చేయడం దేనికి?

ముందు కాల్చడం? పెనంలో నూనె వేయకుండా కొవ్వు వైపు కిందికి పెట్టి, నెమ్మదిగా వేడి చేస్తే 8, 10 నిమిషాల్లో చెప్పుకోదగ్గంత కొవ్వు కరిగి దిగుతుంది, కమ్మటి వేపుడు వాసన వస్తుంది. బాగా కొవ్వున్న పలకకి ఇది లాభమే. రంగు కోసమే అయితే శ్రమ దండగ, ఆ పని సోయా సాస్ చేస్తుంది. కాల్చినా కాల్చకపోయినా ఉడుకు సమయం మాత్రం తగ్గదు.

కుక్కర్ ఉంటే

మన ఇళ్లలో కుక్కర్ లేని వంటగది ఉండదు కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. జపాన్‌లోనూ వాడతారు. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది, కొలాజెన్ త్వరగా కరుగుతుంది, కండ పోగులు కూడా అంతే త్వరగా ఎండుతాయి. మొదటి విజిల్ వచ్చాక సెగ బాగా తగ్గించి 20 నిమిషాలు, తోలుంటే 25. విజిళ్లు లెక్కపెట్టడం ఇక్కడ పనికిరాదు, గడియారం చూడాలి. ఆవిరి తనంతట తానే పోయేదాకా మూత ముట్టుకోవద్దు. వెయిట్ ఎత్తి ఆవిరి ఒక్కసారిగా వదిలేస్తే లోపలి ద్రవం భళ్లున మరిగి, మెత్తబడిన పొరల్ని చెదరగొడుతుంది. కుక్కర్‌ని ఈ మొదటి పనికే వాడండి. సోయా, పంచదార పోసి కుక్కర్ పెడితే ద్రవం ఇగరదు, అడుగు మాత్రం మాడుతుంది.

మధ్యలో ఒక రాత్రి

ఉడికిన మాంసాన్ని వేడిగా ఉండగానే నీళ్లలోంచి తీయకూడదు. గాలి తగలగానే పైభాగం ఎండి, బూడిదరంగులోకి తిరుగుతుంది. ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. తెల్లారేసరికి కొవ్వు పైన పేరుకున్న నెయ్యిలా గట్టి పలక కడుతుంది. దాన్ని గరిటెతో ఎత్తేయడమే. కిందున్న పులుసు జెల్లీలా ఊగుతుంటే పని సరిగ్గా జరిగిందని అర్థం. గట్టిపడిన మాంసాన్ని ఇప్పుడు 5 సెం.మీ. చదరాలుగా కోస్తే కత్తి గాటు నున్నగా వస్తుంది, మూలలు నిలబడతాయి. పచ్చి మాంసాన్నే ముక్కలు చేసి ఉడికిస్తే అవి ముడుచుకుని వంకరపోతాయి. కకుని పేరులోని ‘మూల’ని దక్కించే కిటుకు ఈ చల్లటి కోతే.

వేడి ప్రాంతాల్లో ఒక జాగ్రత్త తప్పనిసరి. మే నెల విజయవాడలో గిన్నెని రాత్రంతా పొయ్యి గట్టు మీద వదిలేస్తే కుదరదు. క్లాస్ట్రిడియమ్ పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా విత్తనాలు మరిగే నీళ్లలోనూ చావవు. పెద్ద గిన్నెలో మాంసం గోరువెచ్చగా నిదానంగా చల్లారే గంటలే వాటికి పండగ. జపాన్‌లో కూడా కూరలు, ఉడుకు వంటలు నిలవ ఉంచేటప్పుడు దీని గురించి హెచ్చరిస్తారు. గిన్నెని ఐసు నీళ్ల టబ్బులో కూర్చోబెట్టి 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలి.

రెండో పని: ఇగురు

తెలుగు వంటింటి భాషలో చెప్పాలంటే ఇక్కడ్నుంచి జరిగేది పులుసు కాదు, ఇగురు. చదరాల్ని ఒకే వరసలో పట్టే వెడల్పాటి గిన్నెలో పేర్చి, కొవ్వు తీసిన పులుసు 600 మి.లీ., సాకే 150 మి.లీ., పంచదార 45 గ్రాములు వేసి 20 నిమిషాలు సన్నగా ఉడికించాలి. తర్వాత మిరిన్ (జపాన్‌వాళ్ల తియ్యటి వంట మద్యం) 60 మి.లీ., సోయా సాస్ 50 మి.లీ. పోసి మరో అరగంట. చివరగా ఇంకో 35 మి.లీ. సోయా పోసి 20, 25 నిమిషాలు. ద్రవం సగానికి తగ్గాక ముక్కల్ని జాగ్రత్తగా పక్కన పెట్టి, పాకాన్ని విడిగా పెద్ద మంట మీద గరిటె వెనక పూతలా అంటుకునేదాకా ఇగరబెట్టి, ముక్కల మీద పోయాలి. ముక్కలు గిన్నెలో ఉండగానే పెద్ద మంట పెట్టారో, రెండు గంటల శ్రమ అయిదు నిమిషాల్లో చెదిరిపోతుంది.

తీపి ముందు, ఉప్పదనం తర్వాత అన్నది జపాన్ వంటలో పాత వరస. పంచదార అణువు ఉప్పుకన్నా చాలా పెద్దది, లోపలికి నిదానంగా వెళుతుంది. దానికి కొంత ముందుగా అవకాశం ఇస్తారు. సోయాని రెండు విడతలుగా పోయడానికి కారణం వేరు: ముందు పోసినది లోపలికి ఇంకుతుంది, చివర్లో పోసినది మరుగులో పోని సువాసనని ఇస్తుంది.

గిన్నె మూత బదులు జపాన్‌వాళ్లు ఒతోషిబుతా అనే మూత వాడతారు. గిన్నెకన్నా చిన్నదిగా ఉండి నేరుగా ముక్కల మీదే కూర్చుంటుంది. ద్రవం దాని కింద తగిలి తిరిగి ముక్కల పైభాగం మీదుగా పారుతుంది. కాబట్టి కొద్దిపాటి ద్రవంతోనే అన్ని వైపులా రంగు పడుతుంది, ముక్కలు కదలవు. అల్యూమినియం ఫాయిల్‌ని గిన్నె చుట్టుకొలతకన్నా కాస్త చిన్న గుండ్రంగా మడిచి, నడుమ రూపాయి బిళ్లంత రంధ్రం చేస్తే చాలు. స్టీలు పళ్లెం బోర్లించొచ్చు గానీ, ఆ బరువుకి పై కొవ్వు నలుగుతుంది.

సీసాల గొడవ

ఎక్కువ కకునిలు పాడయ్యేది సోయా సాస్ దగ్గర. పై కొలతలు జపాన్‌వాళ్ల మామూలు సోయా సాస్, అంటే కొయికుచికి సరిపోతాయి. ఇందులో ఉప్పు సుమారు 16 శాతం. మన కిరాణాల్లో నూడుల్స్ కోసం దొరికే డార్క్ సోయాలో చాలావాటికి నలుపు క్యారమెల్ రంగు వల్ల వస్తుంది. వాటిని ఇంతే పోసి ఇగరబెడితే చేదు తగులుతుంది. వెనక లేబుల్ మీద నీళ్లు, సోయా, గోధుమ, ఉప్పు తప్ప పెద్దగా ఏమీ లేని పులియబెట్టిన సీసా వెతకండి. ఉసుకుచి అనే లేతరంగు సోయా సాస్ చూడ్డానికి తేలికగా ఉన్నా ఉప్పు ఎక్కువ. అది వాడితే కొలత తగ్గించాలి.

అసలైన మిరిన్‌లో దాదాపు 14 శాతం ఆల్కహాల్, బోలెడు తీపి ఉంటాయి. చవకగా దొరికే మిరిన్ తరహా సాస్‌లో ఆల్కహాల్ దాదాపు ఉండదు, తీపి పాకమే ఉంటుంది. మిరిన్ దొరకకపోతే ఆ 60 మి.లీ. బదులు 45 మి.లీ. సాకే, 15 గ్రాముల పంచదార. సాకే కూడా లేకపోతే తీపి లేని షెర్రీ వైన్ గానీ, షావోషింగ్ అనే చైనా బియ్యపు మద్యం గానీ పోయొచ్చు. పుల్లటి వైన్ మాత్రం వద్దు, ఇగిరేకొద్దీ పులుపు ముదురుతుంది.

జత

ముల్లంగి కకునికి పాత స్నేహితురాలు. 3 సెం.మీ. మందం చక్రాలుగా కోసి, విడిగా బియ్యం కడుగు నీళ్లలో పుల్ల దిగేదాకా ఉడికించి, రెండో దశ చివరి అరగంటలో వేయాలి. నేరుగా వేస్తే దాని ఘాటు పాకమంతా పాకుతుంది. గుడ్ల విషయంలో తొందర వద్దు. మరిగే నీళ్లలో 7 నిమిషాలు ఉడికించి పెంకు తీసి, పొయ్యి ఆపి పాకం చల్లారాక అందులో వేసి ఫ్రిజ్‌లో ఒక పూట ఉంచితే తెల్లసొన టీ రంగుకి తిరుగుతుంది, పచ్చసొన జిగురుగానే ఉంటుంది. మరిగే పాకంలో వేస్తే రబ్బరు బంతులే.

ఎత్తిపెట్టిన కొవ్వుని పారేయకండి. సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచి, చద్దన్నం వేయించేటప్పుడు చెంచాడు వేస్తే చాలు.

పళ్లెం అంచున పెట్టే పసుప్పచ్చటి కరాషి ఆవముద్ద కోసం కూడా దుకాణాల చుట్టూ తిరగనక్కర్లేదు. కరాషి చేసే ఆవాలూ, మన ఆవాలూ ఒకే జాతి మొక్కవి. ఆవకాయకి పట్టించిన మెత్తటి ఆవపిండి మిగిలి ఉంటే 2 చెంచాలు తీసుకుని, అంతే గోరువెచ్చటి నీళ్లతో గట్టిగా కలిపి, మూత పెట్టి 10 నిమిషాలు వదిలేయాలి. ఘాటు పిండిలో ముందే ఉండదు. తడి తగిలాక ఒక ఎంజైము పనిచేస్తేనే పుడుతుంది. మరిగే నీళ్లు పోస్తే ఆ ఎంజైము చచ్చి చేదు ఒక్కటే మిగులుతుంది. మూత తీసినప్పుడు ముక్కుకి సూటిగా తగిలిందా, సిద్ధమైనట్టే. ముక్కకి బఠాణీ గింజంత.